ఆ అరటిపండు వాసన తప్పు కాదు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఎంవీపీ కాలనీలో ఉంటాను, ఉద్యోగం కూడా వైజాగ్‌లోనే. ఏయూలో కలిసి చదువుకున్న స్నేహితులు నలుగురు బెంగళూరు, పుణె, హైదరాబాద్, గోవాల్లో స్థిరపడ్డారు. ఊరికి వచ్చినప్పుడల్లా ఎవరి దగ్గర దొరికే క్రాఫ్ట్ బీర్లు (చిన్న తయారీదారులు కొద్దికొద్దిగా చేసేవి) వాళ్లు తెస్తారు. మా మేడ మీద కూర్చుని తలా కాస్త రుచి చూసి, మిగిలిన సీసాలు మార్చుకుంటాం. మొన్న మే నెలలో కలిసినప్పుడు గొడవైంది. పుణె నుంచి వచ్చిన గోధుమ బీరు అరటిపండు కంపు కొడుతోందని ‘ఏటి గురువా ఇది’ అంటూ ఒకడు సింకులో పోసేశాడు. గోవా వాడు చాలా ఖర్చు పెట్టి తెచ్చిన ఐపీఏ అనే చేదు బీరు క్యాన్లేమో తడిసిన అట్టపెట్టెలా ఉన్నాయి. ‘నేను ఇంత పెట్టి తెస్తుంటే మీరు షాపుల్లో దొరికే మామూలు లాగర్ బీరు చేతిలో పెడుతున్నారు’ అని వాడు అలిగి వెళ్లిపోయాడు. నిజానికి మార్చుకోవడానికి నా దగ్గర ఏమీ ఉండదు, ఆ చిన్నతనం నాకు ఎప్పుడూ ఉంది. హైదరాబాద్ వాడు డాక్టర్ చెప్పాడని మందు మానేశాడు. వస్తాడు గానీ ఓ మూల కూర్చుని ఫోన్ చూసుకుంటాడు. వేరే రాష్ట్రం నుంచి ఇలా తేవడం చట్టం ఒప్పుకుంటుందా అని మా ఆవిడ టెన్షన్ పడుతోంది. ఈ కలయికలు ఆపేయమంటారా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: కలవడం ఆపకండి. సీసాలు మోయడం ఆపండి. ఎందుకో చెప్తాను.

ముందు ఆ పారబోసిన బీరు సంగతి. అది పాడవలేదు. జర్మనీలోని బవేరియా పద్ధతిలో చేసే గోధుమ బీరుకు అరటిపండు వాసన ఉండి తీరాలి, దాని వెనకే లవంగం ఘాటు కూడా. ఇందులో అరటిపండూ వేయరు, లవంగమూ వేయరు. ఆ బీరుకు వాడే ఈస్ట్ పులిసేటప్పుడు ఐసోఅమైల్ అసిటేట్ అనే పదార్థం తయారవుతుంది. పండిన అరటిపండులో మనకు తెలిసే వాసన కూడా అదే. లవంగం వాసన 4-వినైల్ గ్వాయకాల్ అనే మరో పదార్థానిది. ఈ రెండూ ఎంత ఉండాలన్నది పులియబెట్టే వేడిని బట్టి, ఈస్ట్ రకాన్ని బట్టి బీరు చేసేవాళ్లు చూసుకుంటారు. అక్కడి నిబంధన ప్రకారం దాని మాల్ట్‌లో, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యంలో, సగానికి తగ్గకుండా గోధుమే ఉండాలి. మసకగా, పాలపొంగులాంటి నురగతో కనిపిస్తుంది. కాబట్టి మీ పుణె స్నేహితుడు మంచి బీరే తెచ్చాడు. ఆ మాట అతనికి చెప్పండి, బాధ కొంత తగ్గుతుంది.

బెల్జియం పద్ధతి గోధుమ బీరు వేరు. అందులో నిజంగానే ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. ఆ పద్ధతి దాదాపు అంతరించిపోతే 1960ల్లో హూగార్డెన్ అనే ఊళ్లో పియర్ సెలిస్ అనే ఆయన మళ్లీ నిలబెట్టాడు. 2015లో మన దేశంలోకి వచ్చిన బీరా 91 వైట్ ఈ దారిదే. రెండింటినీ ‘గోధుమ బీరు’ అనే ఒక్క పేరుతో పిలవడం వల్లే ఒకటి తాగిన నాలుక రెండోదాన్ని తప్పు పడుతుంది.

గోవా క్యాన్ల కథ దీనికి పూర్తిగా తిరగబడినది. అవి నిజంగానే పాడయ్యాయి. తడిసిన అట్ట వాసన వచ్చిందంటే బీరు ఆక్సీకరణం చెందిందని అర్థం. ఎంత జాగ్రత్తగా నింపినా క్యాన్‌లో కొద్దిపాటి ఆక్సిజన్ మిగులుతుంది, వేడి తగిలితే దాని పని వేగం అందుకుంటుంది. ఆ అట్ట వాసన ట్రాన్స్-2-నోనెనాల్ అనే పదార్థానిది, అది రవ్వంత ఉన్నా మన ముక్కు పసిగడుతుంది. బీరు చేసే బ్రూవరీల వాళ్లలో 3-30-300 అని ఒక లెక్క వాడుకలో ఉంది. సుమారు 32 డిగ్రీల వేడిలో 3 రోజులు ఉంటే బీరుకు జరిగే నష్టం, 22 డిగ్రీల్లో 30 రోజులు, ఫ్రిజ్‌లో 3 డిగ్రీల దగ్గర 300 రోజులు ఉంటే జరిగే నష్టం ఇంచుమించు ఒకటే అని. ఇది మోటు లెక్కే, అయినా పనికొస్తుంది. 32 డిగ్రీలంటే మే నెలలో మన మధ్యాహ్నం కన్నా తక్కువే. అలాంటిది మూసేసిన కారు డిక్కీలోనో, రైల్లో బెర్తు కింద బ్యాగులోనో, మీ మేడ మీద వాటర్ ట్యాంకు పక్కనో ఆ క్యాన్లు ఎంతసేపు ఉన్నాయో ఒకసారి గుర్తు చేసుకోండి. క్యాన్ వెలుతురును ఆపుతుంది, వేడిని ఆపదు.

వెలుతురు తెచ్చే చేటు ఇంకో రకం. బీరుకు చేదు, సువాసన ఇచ్చే పూలను హాప్స్ అంటారు. వాటి చేదుకు కారణమైన పదార్థాలు ఎండ తగిలితే విరిగి, కాలిన రబ్బరులాంటి పాడు వాసన వేస్తాయి. ఆకుపచ్చ సీసాకు, తెల్ల సీసాకు ఈ ప్రమాదం ఎక్కువ. ముదురు గోధుమరంగు సీసా కొంత కాపాడుతుంది. వెన్నలాంటి వాసన వస్తే పులియబెట్టడం పూర్తికాక ముందే తొందరపడ్డారని అనుమానించవచ్చు. వెనిగర్‌లా పుల్లగా ఉంటే బ్యాక్టీరియా చేరింది, పుల్లగా ఉండాలనే చేసిన బీరైతే తప్ప. ఈ నాలుగు వాసనలు పట్టగలిగితే, పారబోసే ముందు చెయ్యి ఆగుతుంది.

‘ఐపీఏ అంటేనే ఇండియా పేల్ ఏల్ కదా, ఇంగ్లండ్ నుంచి ఓడల్లో మన దేశానికి నెలల తరబడి ప్రయాణించి వచ్చిన బీరు కదా, గోవా నుంచి వైజాగ్‌కు రాలేదా’ అని మీ గుంపులో ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. ఆ రోజుల్లో పీపాల్లో వచ్చిన ఆ బీరులో హాప్స్ దండిగా వేసేవారు. హాప్స్ చేదు బ్యాక్టీరియాను అడ్డుకుంటుంది కాబట్టి అది పుల్లబడకుండా చేరేది. నెలల ప్రయాణంలో కొంత ముదిరిన రుచినే అప్పటివాళ్లు కోరుకున్నారు. ఇప్పటి క్రాఫ్ట్ ఐపీఏ చేదు కోసం మాత్రమే కాదు, మామిడి, నారింజ, దేవదారు లాంటి సువాసనల కోసం చేస్తారు. వేడికి మొదట పోయేది ఆ సువాసనే. అది పోయాక మిగిలేది చేదు. మీ స్నేహితుడు డబ్బు పెట్టింది సువాసనకు, మీకు అందింది చేదు.

ఇప్పుడు మీ ఆవిడ అడిగిన మాట. ఆమె అడిగింది నూటికి నూరుపాళ్లు సబబు. మద్యం మన రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోని విషయం. ఒక రాష్ట్రంలో పన్ను కట్టి కొన్న సీసా ఇంకో రాష్ట్రంలో చెల్లుతుందని అనుకోకూడదు. మన దగ్గర 2020 సెప్టెంబరులో పక్క రాష్ట్రం నుంచి మూడు సీసాల దాకా తెచ్చుకోవచ్చని హైకోర్టు చెప్పింది. ఆ వెంటనే ప్రభుత్వం ఆ వెసులుబాటును తీసేసి పర్మిట్ తప్పనిసరి చేసింది. యానాం సీసాలతో పట్టుబడినవాళ్ల వార్తలు మీరూ చదివే ఉంటారు. ఎక్సైజ్ నిబంధనలు పాలసీ మారినప్పుడల్లా మారతాయి గనుక ఎప్పటి మాట అప్పుడు దగ్గర్లోని ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్ స్టేషన్లో కనుక్కోవాలి. ‘విమానంలో చెక్-ఇన్ సామానులో ఒప్పుకున్నారు కదా’ అన్నది సమాధానం కాదు. ఎయిర్‌లైన్స్ వాళ్లు చూసేది విమాన భద్రత, సీసా ఏ రాష్ట్రంలో దిగుతోందన్నది కాదు. కొరియర్లో పంపించుకోవడం, ఇంట్లో మీరే బీరు తయారు చేయడం, మిగిలిన సీసాలు ఎవరికైనా డబ్బుకు ఇవ్వడం, ఈ మూడింటి జోలికీ పోకండి. లైసెన్సు లేకుండా తయారీ, అమ్మకం నేరాలే.

చూశారా, చట్టం చెప్పేదీ బీరు చెప్పేదీ ఇక్కడ ఒకటే. బీరును దాని ఊళ్లో ఉండనివ్వండి, మీరు కదలండి. మైక్రోబ్రూవరీ అంటే అక్కడే బీరు చేసి అక్కడే పోసే చోటు. ఆ బీరు చాలావరకు వడకట్టకుండా, పాశ్చరైజ్ చేయకుండా ట్యాంకు నుంచి నేరుగా కుళాయికి వస్తుంది. పుణెలో 2009లో మొదలైన డూలాలీ, బెంగళూరు ఇందిరానగర్లో 2010లో తెరిచిన టాయిట్ లాంటి చోట్ల జనం ఇష్టపడింది ఆ తాజాదనాన్నే. టాయిట్‌లో బాస్మతి బియ్యం కలిపి చేసే లేత ఏల్ ఒకటుంది, అది అక్కడ కూర్చుని తాగాల్సిందే. హైదరాబాద్‌లోనూ తెలంగాణ వచ్చాక మైక్రోబ్రూవరీలు పెరిగాయి. ఏడాదికి ఒకసారి ఒక ఊరు, అక్కడ ఉన్నవాడు ఆతిథ్యం, మిగతావాళ్లు రైలెక్కడం. ఐదుగురు ఐదు ఊళ్లలో ఉండటం మీకు దొరికిన వరం. దాన్ని ఐదు బ్యాగుల్లో కుక్కి ఒకే మేడ మీదకు తెస్తున్నారు.

ఈ పద్ధతిలో ఖరీదు తగాదా కూడా సగం తగ్గుతుంది. సీసాకు సీసా అన్నప్పుడు వెంటనే ధర గుర్తొస్తుంది, ఎవరిది ఎక్కువ, ఎవరిది తక్కువ అని లెక్క మొదలవుతుంది. గోవా బీరుకు గోవా పన్ను, బెంగళూరు బీరుకు కర్ణాటక పన్ను. ధరలో తేడా చాలావరకు పన్నులదే, ప్రేమది కాదు. ఎవరి ఊరికి వెళ్లినా బిల్లు ఐదుగురూ సమానంగా వేసుకోండి, తాగనివాడి వాటా తీసేసి. ఆతిథ్యం ఇచ్చేవాడు వసతి చూసుకుంటాడు, అంతే.

మీ దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదన్న మాట నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది. వైజాగ్‌లో ఉండి అలా అనకూడదు. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే విడతలో కర్ణాటకలోని చిక్కమగళూరు, కొడగు, బాబాబుడన్ గిరి అరబికాలకూ వచ్చింది. అంటే మీ బెంగళూరు స్నేహితుడి దగ్గర కూడా మీకు ఇవ్వదగ్గది ఉంది. కాఫీ గింజలకు పర్మిట్ అక్కర్లేదు, ఎండలో ఒక రోజు ప్రయాణం చేసినా బీరులా చెడిపోవు, కొరియర్లోనూ పంపొచ్చు. మార్చుకోవాలన్న మీ కోరిక తీరడానికి ఇంతకన్నా మంచి వస్తువు నాకు కనిపించడం లేదు. ఒకే తోట గింజల్ని గుజ్జు కడిగి ఎండబెట్టినవి, పండుతో పాటే ఎండబెట్టినవి పక్కపక్కన పెట్టి చూడండి. రెండో దానిలో పండ్ల తీపి, కొద్దిగా పులిసిన వాసన కూడా తెలుస్తాయి. రుచి చూసే పద్ధతి తేలికే. 150 మిల్లీలీటర్ల నీళ్లకు 8 గ్రాముల పైచిలుకు బరకపొడి. మరిగి కాస్త దిగిన నీళ్లు, అంటే సుమారు 93 డిగ్రీలవి పోసి, నాలుగు నిమిషాలు ఆగి, పైన కట్టిన పొరను చెంచాతో పక్కకు తోస్తూ ముక్కు దగ్గరగా పెట్టాలి. తర్వాత ఆ నురగ తీసేసి, గోరువెచ్చగా అయ్యాక చెంచాతో జుర్రుకోవాలి.

మీ హైదరాబాద్ స్నేహితుడు ఫోన్ లోంచి తలెత్తేది కూడా ఇక్కడే. కాఫీ విడత అతని చేతిలో పెట్టండి. అంతకంటే ముందు మాత్రం ఒక పని చేయాలి. అతనితో విడిగా మాట్లాడండి. లివర్ కోసమో, మందుల కోసమో మానేసి ఉంటే గ్లాసుల మధ్య కూర్చోవడం అతనికి పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు. అలవాటు చెయ్యి దాటిపోయి మానేసి ఉంటే మాత్రం ఆ వాసన మధ్య అతన్ని కూర్చోబెట్టడం అన్యాయం. అప్పుడు అతను వచ్చే రోజు బీరు లేని రోజే కావాలి, మొత్తం కలయిక కాఫీతోనే జరగాలి. ఏ కారణమైనా సరే ‘ఒక్క గుక్క రా’ అనే మాట ఎవరి నోటా రాకూడదు. అతనికి అభ్యంతరం లేకపోతే పోసే బాధ్యత ఇవ్వండి. ఏ గ్లాసులో ఏముందో తెలిసిన ఒకే ఒక్కడు అతనే అవుతాడు. మిగతావాళ్లంతా అతని మొహం చూస్తూ ఊహించాలి.

ఆ ఆట ఇలా. ఇక్కడే లైసెన్సు షాపులో కొన్న రెండు రకాల బీర్లు తీసుకోండి. సీసాలకు పేపరు చుట్టేసి, మూడు గ్లాసుల్లో పోయించండి. రెండింటిలో ఒకటే బీరు, మూడోదానిలో వేరేది. ఏది వేరో చెప్పాలి. ఆహార కంపెనీల్లో రుచి పరీక్షలు చేసేవాళ్లు వాడే పద్ధతే ఇది. లేబులు కనిపించకపోతే ఖరీదైన బీరు మీద భక్తి, మామూలు లాగర్ మీద చిన్నచూపు రెండూ పక్కకు పోతాయి. మీ గోవా స్నేహితుడికి ఈ ఆట నచ్చుతుందని నా నమ్మకం. అతనికి నిజంగా నాలుక ఉంది, అది చూపించుకునే అవకాశం సీసా ధర కంటే ఎక్కువ తృప్తినిస్తుంది.

ఇంకొకటి కూడా చేయండి. చిన్న స్టీలు డబ్బాల్లో లవంగాలు, దంచిన ధనియాలు, ఎండిన నారింజ తొక్క, బాగా ముగ్గిన అరటిపండు ముక్క, తేనె, వెన్న, నీళ్లలో తడిపిన అట్టముక్క, నల్లగా వేయించిన బార్లీ పెట్టుకోండి. తాగేముందు ఒక్కోటీ వాసన చూడాలి, కళ్లు మూసుకుని. పూర్ణా మార్కెట్లో ఒక గంట తిరిగితే ఇవన్నీ దొరుకుతాయి, ఖర్చు ఒక్క క్రాఫ్ట్ క్యాన్ అంత కూడా కాదు. మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం ముక్కు పనే. ఈ డబ్బాలతో ఒక సాయంత్రం గడిపిన వాళ్లు మళ్లీ అరటిపండు వాసనకు బీరు పారబోయరు.

పోసే విషయంలో నాలుగు మాటలు. గ్లాసు సబ్బు మిగలకుండా కడగాలి, తుండుగుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరనివ్వాలి. సబ్బు, నూనె జిడ్డు నురగను చంపేస్తాయి. ఐసు ముక్కలు వద్దు, గ్లాసును డీప్ ఫ్రీజర్లో పెట్టడమూ వద్దు. అంత చల్లదనానికి నాలుక మొద్దుబారుతుంది. లాగర్ 4 నుంచి 7 డిగ్రీల దగ్గర, గోధుమ బీరు, ఐపీఏ లాంటి ఏల్ రకాలు 8 నుంచి 13 దగ్గర బాగుంటాయి. మన ఉక్కపోతలో గ్లాసు నిమిషాల్లో వేడెక్కుతుంది కనుక ఒకసారికి 100 మిల్లీలీటర్లు చాలు. లేతవి ముందు, చేదువి తర్వాత, నల్లవి ఆఖరున. మధ్యలో మంచినీళ్లు, ఉప్పులేని మరమరాలు. మన కారం మాత్రం రుచి చూడటం అయిపోయాకే. హాప్స్ చేదు, ఆల్కహాల్ రెండూ మిరపకారాన్ని ఎక్కువ చేసి చూపిస్తాయి, ఐపీఏ పక్కన మన రొయ్యల వేపుడు నోట్లో మంటే. అదే వేపుడు గోధుమ బీరు పక్కన చక్కగా కుదురుతుంది.

లెక్క కూడా చెప్పనివ్వండి. 5 శాతం బీర్లు ఐదు, ఒక్కోటీ 100 మిల్లీలీటర్ల చొప్పున తాగితే ఒంట్లోకి వెళ్లే ఆల్కహాల్ సుమారు 20 గ్రాములు. మన షాపుల్లో ఎక్కువగా అమ్ముడయ్యే 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు, 8 శాతానిది, ఒక్కటి తాగితే 40 గ్రాములు దాటుతుంది. ఆరోగ్యానికి బొత్తిగా హాని లేని మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగానే చెప్పింది. అందుకే నేను రుచి చూడటాన్ని సమర్థిస్తాను, నింపుకోవడాన్ని కాదు. ఐదు గ్లాసులయ్యాక ఆరోది ఉండకూడదని ముందే అనుకోండి. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటి బండి నడిపితే మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మేడ మీద నుంచి బీచ్ రోడ్డు పిలుస్తున్నా తాళాలు మీ ఆవిడ దగ్గరే ఉండాలి. గ్లాసులు పట్టుకుని ఇసుకలోకి దిగడం అసలే వద్దు.

ఆపేయమంటారా అని అడిగారు గనుక మొదట చేయాల్సింది చెప్తాను. అలిగిన గోవా స్నేహితుడికి మీరే ఫోన్ చేయండి. ‘నీ క్యాన్లు దారిలో వేడికి పాడయ్యాయి, నువ్వు తెచ్చింది మంచి బీరే’ అని చెప్పండి, కారణం వివరించండి. తర్వాత మొదటి ఆతిథ్యం అతన్నే ఇవ్వమనండి. అమరావతి ఎక్స్‌ప్రెస్ వైజాగ్ మీదుగానే గోవాలోని వాస్కోకు వెళ్తుంది, రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. వానలు వెనకబడ్డాక ఒక తేదీ అనుకుని నలుగురి టికెట్లూ ఒకేసారి తీయండి, వెళ్లేటప్పుడు అరకు గింజలు అరకేజీ బ్యాగులో వేసుకోండి.